దివాన్‌గారి నందన

‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అన్న సామెత మా గుంటూరు జిల్లాలోనే పుట్టి ఉంటుందని నా అనుమానం. ఇక్కడ ఎవరిని కదిలించినా వాళ్ళ పూర్వీకుడొకాయన అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారి దగ్గర దివాన్. అంతమంది దివాన్లకు జీతాలిచ్చాక ఏ జమీందారీ మాత్రం నిలుస్తుంది? మాకూ ఒక దివాన్ ఉన్నాడు. పేరు సుబ్బయ్య, రామయ్య కొడుకు. సాక్షి మా మేనత్త.

రాతలో ఆధారం దొరుకుతుందేమోనని వేటపాలెం వెళ్ళాను. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకు పెట్టింది పేరు. బయల్దేరుతుంటే జీడిపప్పు తెమ్మన్నవాళ్ళే గాని, సుబ్బయ్యను తెమ్మన్నవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేరు.

బీరువాల మధ్య ఉన్న పెద్దాయన నా కథంతా విని, “మీవాళ్ళు కోర్టుకెక్కారా? ఆస్తి వేలానికొచ్చిందా?” అని అడిగారు. ఛ, అలాంటివాళ్ళు కారన్నాను పౌరుషంగా. “అయితే దొరకటం కష్టమండీ” అన్నారాయన. ఆంధ్రపత్రిక పాత సంచికలు తిరగేస్తే నిజమే అనిపించింది. దేశం కోసం జైలుకెళ్ళినవాడి పేరుంది, అప్పు ఎగ్గొట్టినవాడి పేరుంది. వేళకు శిస్తు కట్టి, తిని పడుకున్నవాడి ఊసే లేదు. ఇంత బుద్ధిమంతులకు ఎందుకు పుట్టానా అని మొదటిసారి బాధపడ్డాను.

తర్వాత కైఫియతులు. 1821లో పోయిన కల్నల్ మెకంజీ, కావలి బొర్రయ్య వంటి మన పండితుల చేత ఊరూరి చరిత్రా రాయించి పెట్టాడు. రాజులు, గుళ్ళు, మాన్యాలు, పొలిమేరలు అన్నీ ఉంటాయి. కాకపోతే చెప్పి రాయించింది ఎక్కువగా కరణాలు. అందుకని చాలా ఊళ్ళ చరిత్రలో రాజుల తర్వాత అంతటివాళ్ళు కరణాలే. మావాళ్ళు కరణాలు కారు.

అసలు చిక్కు తేదీలది. సుబ్బయ్య నందన నామ సంవత్సరంలో పుట్టాడని మేనత్త మాట. నందన అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1772, 1832, 1892. మనవడికి తాత పేరు పెట్టటం మా ఆచారం కాబట్టి, ఏ నందనలో చూసినా రామయ్య కొడుకు సుబ్బయ్య ఒకడు ఉండే ఉంటాడు. 1832 అయితే మటుకు ఆయన గట్టి పిండం. గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు అప్పటిదే.

పెద్దాయన చివరికి ఇనాం రిజిస్టర్లు చూడమని ఆర్కైవ్స్‌కు దారి చూపించారు. 1858లో ఇనాం కమిషన్ వేసిన సర్కారువాళ్ళు ఎవరి చేతిలో ఏ మాన్యం ఉంది, ఎందుకిచ్చారు, చేయాల్సిన పని చేస్తున్నారా లేదా అని ఊరూరా ఆరా తీయించారు. 1860 నాటి పుటలో మా ఊరుంది, సుబ్బయ్యా ఉన్నాడు! గుడిలో దీపం పెట్టటానికి ఎకరం మాన్యం. పక్క గడిలో అధికారి మాట: దీపం వెలగటం లేదు, పొలం మాత్రం అనుభవిస్తున్నాడు.

ఇంటికొచ్చి మేనత్తకు మెల్లగా చెప్పాను. దివాణం లేదు, దివాన్ లేడు, వెంకటాద్రినాయుడుగారు 1816లోనే పోయారు, మన సుబ్బయ్య దీపానికి నూనె కూడా పోయని మనిషి అని.

“మనాయన పుట్టింది ఏ నందనన్నావు? మొదటిది చెప్పు.”

“1772.”

“అంటే 1860కి ఎన్నేళ్ళు?”

“ఎనభై ఎనిమిది.”

“మరి! అంత పెద్ద దివాన్‌గారు ఆ వయసులో గుడి మెట్లెక్కి దీపం పెట్టాలట్రా? రాసినవాడికి బుద్ధుండక్కర్లా?”