పిట్టలపై ఒక గృహస్థు పిటిషన్

భద్రాచలంలో సొంతిల్లున్న మనిషిగా, నెలనెలా పెన్షన్ తీసుకుంటున్న బాధ్యతగల పౌరుడిగా, పిట్టల చేతుల్లో నాకు జరుగుతున్న పరాభవాన్ని మీ ముందు పెట్టుకుంటున్నాను. నేను రిటైరైన రోజున మా అల్లుడు బైనాక్యులర్ కొనిచ్చాడు. "పిట్టల్ని చూస్తూ ప్రశాంతంగా ఉండండి మామయ్యగారూ" అన్నాడు. దాంతోపాటు గళ్లు గీసిన నోటుబుక్కు కూడా ఇచ్చాడు. తేదీ, సమయం, జిల్లా, జాతి, చూసినవారు అని అయిదు గళ్లు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రశాంతత అన్న మాట వినపడితే ఒట్టు. మీకూ ఇలాంటి అల్లుడు ఉండే ఉంటాడు. మర్యాదకి చెప్పరు, అంతే.

అసలు అన్యాయం ఎక్కడుందో చూడండి. బైనాక్యులర్ కళ్లకి ఆనించి, చక్రం అటు తిప్పి, ఇటు తిప్పి, మసక తేరుకునేసరికి పిట్ట ఉండదు. కొమ్మ ఉంటుంది. ఆకుల ఈనెలతో సహా దివ్యంగా కనిపిస్తుంది. పోనీ పుస్తకం తెరుద్దామంటే గొంతు మీద మచ్చ ఉందా, కంటి చుట్టూ వలయం ఉందా, తోక అడుగున తెలుపా పసుపా, కాళ్లు ఏ రంగు, ముక్కు ఎంత వంకర అని నిలదీస్తుంది. నేను చూసింది దాని వెనక భాగం, అదీ వెళ్లిపోతుండగా. పెళ్లిచూపుల్లో కూడా నేనిన్ని వివరాలు గమనించలేదు. అక్కడ కనీసం కుర్చీ వేశారు.

ఇక ఫోనులో కూత విని పేరు చెప్పే యాప్ ఒకటుంది. మా పెరట్లో గంటసేపు దాన్ని పట్టుకుని నిలబడితే పక్కింటి మిక్సీ తప్ప ఏమీ రికార్డు కాలేదు.

మా ఆవిడకి ఈ శాస్త్రంతో నిమిత్తం లేదు. ఆమె లెక్కలో పక్షిజాతి మూడు తెగలు: వడియాలు ఎత్తుకుపోయేవి, ఆరేసిన బట్టల మీద రెట్ట వేసేవి, ఎవరి జోలికీ పోనివి. మొన్న ప్రహరీ పక్కన ఇరవై నిమిషాలు నడుం వంచి నిలబడి ఎర్రటి కళ్లు, ఇటుకరంగు రెక్కలు, పొడుగాటి నల్లతోక అన్నీ రాసుకున్నాను. ఇది ఏదో అరుదైన డేగేనన్న గంభీర నిర్ణయానికి వచ్చాను. వంటింట్లోంచి, తల కూడా తిప్పకుండా, "అది జెముడుకాకండీ" అంది. వెనక్కి తిరిగి చూడని మనిషికి వినపడింది కూత ఒక్కటే. నాకు వినపడనిదీ అదే.

అన్నట్టు గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 48కి రెండోది, 53కి మూడోది. నేను ఎదురింటి మామిడిచెట్టు మీది వడ్రంగిపిట్ట కోసం బైనాక్యులర్ అటు తిప్పిన రోజు మా ఇంట్లో మొదటి రెండూ ఇవ్వలేదు. నేరుగా మూడోదే.

పోనీ తెలిసిన పిట్టతోనైనా సుఖం ఉందా? పాలపిట్టనే తీసుకోండి. దసరా నాడు దాని దర్శనం కోసం ఊరంతా మెడలెత్తుకు తిరుగుతుంది. భద్రాచలంలో కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపూ అది సాక్షాత్తూ తెలంగాణ రాష్ట్ర పక్షి. బుద్ధిపుట్టి పక్కనే ఉన్న ఎటపాకకి ఎగిరిందనుకోండి, 2014లో అటువైపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లాయి, 2018లో అక్కడ రామచిలుకకి పట్టం కట్టారు. కాబట్టి నాలుగు రెక్కల దూరంలో మన పాలపిట్ట మాజీ అయిపోతుంది. ఇక జిల్లా గడి సంగతి చెప్పాలా? 1959 దాకా మాది తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. పిట్ట ఏ జిల్లాదని రాయను? కదలకుండా కూర్చున్న నేనే ఎక్కడివాణ్నో చెప్పలేను.

ఎటపాక అంటే గుర్తొచ్చింది. జటాయువు రావణుడికి అడ్డుపడింది అక్కడేనని మా వైపు చెప్పుకుంటారు. ఆ జటాయువుని మొదటిసారి చూసినప్పుడు శ్రీరాముడంతటివాడు రాక్షసుడేమోనని అనుమానించి, నువ్వెవరని అడిగాడు. గమనించండి, ఆయన అడిగితే పక్షి ఆగి, వంశవృక్షంతో సహా జవాబు చెప్పింది. నేను అడిగితే లేచిపోతుంది.

ఖమ్మం దగ్గర చింతపల్లిలో చింతచెట్ల మీద కొంగలు గూళ్లు కడతాయి. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఎర్రకాళ్ల కొంగలంటారు. అచ్చంగా మన దేశపు పక్షులే. ఊళ్లో ఎవర్నడిగినా సైబీరియా కొంగలంటారు. అసలు సైబీరియా కొంగ మన దేశంలో చివరిసారి కనపడింది 2001-02 చలికాలంలో, అదీ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. ఈ మాట మా బంధువుల పెళ్లిభోజనాల దగ్గర సవినయంగా మనవి చేశాను. "అంత దూరం నుంచి వస్తున్నాయంటే నీకేం పోయింది బాబాయ్?" అన్నాడొకడు. పప్పు వడ్డించేవాడు కూడా నన్ను దాటి వెళ్లిపోయాడు.

ఇక కిన్నెరసాని. 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అందులో నేను నిలబడింది ఒక్క మద్దిచెట్టు కింద. పావుగంటలో అయిదు కూతలు విన్నాను. ఒకటి డేగ, ఒకటి ఈలపాట, ఒకటి పిల్లి లాంటిది, మిగతా రెండూ అంతుపట్టనివి. అయిదు వరుసలు నింపి, గర్వంతో చెమట తుడుచుకుంటున్నాను. పశువుల్ని తోలుకొస్తున్న కోయ పెద్దాయన ఆగి పైకి చూశాడు. "అన్నీ ఒకటే పిట్ట సారూ. అందరి గొంతులూ పెడతది" అన్నాడు. నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర రెండు తీగలకి చెరో ఆకు కట్టుకున్నట్టుగా, కాకి కంటే చిన్నది, నా నెత్తి మీదే కూర్చుని ఉంది. మిగతా పిట్టల్ని బెదిరించి పురుగులు లాక్కోడానికి అలా వేషం వేస్తుందట. అయిదు వరుసలూ కొట్టేశాను, పెన్ను ఇంకు దండగ.

ఇన్ని అవమానాల తర్వాత మగవాడన్నవాడు పెద్ద లక్ష్యమే పెట్టుకుంటాడు. నాది కలివికోడి. పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డన్ అనే తెల్లడాక్టరు లోకానికి పరిచయం చేశాడు. బ్లాన్‌ఫర్డ్ అనే దొర గోదావరి లోయలో సిరోంచ దగ్గరా, మా భద్రాచలం దగ్గరా ఉందని రాశాడు. 1900 తర్వాత మాయమై, 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. అక్కడ దొరికినప్పుడు ఇక్కడ దొరక్కూడదా? రాత్రిపూట తుప్పల్లో పరుగెత్తే పిట్ట. గొంతు మీద ఎరుపు, ఎదురొమ్మున రెండు పట్టీలు.

మొన్న సందెవేళ ఊరవతల తుప్పల్లో సన్నకాళ్ల పిట్ట ఒకటి గబగబా నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగింది. నా గుండె కూడా ఆగింది. వణుకుతున్న చేత్తో ఇంటికి ఫోను చేసి, "చరిత్ర జరుగుతోంది, మాట్లాడకు" అని గుసగుసగా చెప్పాను. అప్పుడే అది గొంతెత్తింది.

"తీతువండీ అది. కుక్కలొస్తాయి, ఇంటికి రండి" అంది మా ఆవిడ.

నోటుబుక్కు తీసి తేదీ వేశాను, సమయం వేశాను, జిల్లా గడి నింపాను, జాతి గడిలో తీతువు అని రాశాను. చూసినవారు అన్న గడిలో మా ఆవిడ పేరు రాయాల్సి వచ్చింది.