తన్ను తానే వివరించుకొను ఫైలు

శాస్త్రవిషయక దత్తాంశమును భద్రపరచుటకై అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు సూపర్‌కంప్యూటింగ్ కేంద్రమువారు 1987లో ఆరంభించిన యత్నము, 1998 నాటికి హెచ్‌డీఎఫ్5 అను ఫైలురూపము దాల్చి, నాసా ఉపగ్రహములకును, గురుత్వతరంగములను పట్టిన లైగో వేధశాలకును, మన వాతావరణ ఉపగ్రహమైన ఇన్సాట్-3డీకిని సమానముగా ఉపకరించుచున్న సంగతి ఆ విద్యతో పరిచయమున్న వారెల్లరు ఎరిగినదే. అంతగా ప్రచారమునకు రానిది వేరొకటి కలదు. హెచ్‌డీఎఫ్5 తన్ను తానే వివరించుకొను ఫైలని ఎవరో చెప్పగా విని, ఇక తాము వివరింపవలసినది ఏమియు లేదని నిశ్చయించుకొని, సుఖముగా నిద్రించు విద్వాంసుల సంఖ్య దినదినము పెరుగుచున్నది.

దీని ప్రాథమికపాఠము నిజముగా చిన్నది. ఫైలునకు మూలమున ఒక గ్రూపు, దానిలో మరికొన్ని గ్రూపులు, వానిలో డేటాసెట్లు, అనగా పలు దిక్కులకు విస్తరింపగల సంఖ్యల పట్టికలు, ఈ రెండింటికిని తగిలింపదగిన చిన్నచిన్న వివరములు అట్రిబ్యూట్లు. పైథాను వచ్చిన బాలకుడు హెచ్5పై అను సాధనపు సాయమున ఒక్క పూటలో దీనిని పట్టుబరచుకొనగలడు. అయితే శిక్షణశిబిరములందు గ్రూపులను, డేటాసెట్లను ఉదయమెల్ల బోధించి, అట్రిబ్యూట్ల వంతు వచ్చుసరికి భోజనపువేళ యగుటచే, అవి ఐచ్ఛికములని ఒక్కమాటతో ముగింతురు. ఆ మాటను మన విద్యార్థులు ఎన్నడును అపార్థము చేసికొనలేదు. పరీక్షకు రానిదని తత్‌క్షణమే గ్రహించిరి.

తత్ఫలితముగా పుట్టిన ఫైళ్లను చూడవలెను! మొదటి గ్రూపునకు ‘న్యూ’ అని నామకరణము, దాని లోపలిదానికి ‘న్యూ ఫైనల్’, అందులో ‘డేటా1’, ‘డేటా2’. మూడవది ఏమయ్యెనో కర్తకే తెలియదు. అడిగినచో, సర్వమును పరిశోధనపత్రమున వ్రాసితిమిగదా అందురు. పత్రమొక చోట, ఫైలొక చోట చేరి, రెంటిని ఎరిగిన విద్యార్థి ఉద్యోగార్థమై వేరొక దేశమేగిన పిదప ఆ ఉత్తరముతో ఎవరికేమి ప్రయోజనమో వారు చెప్పరు.

ఫైలు తన్ను తాను వివరించుకొనుననుట అసత్యము కాదు. సంఖ్య పూర్ణాంకమో దశాంశమో, దానికెన్ని బిట్లో, బైట్ల క్రమమేదో, పట్టికకు ఎన్ని వరుసలో ఫైలే చెప్పును. కావుననే ఒక యంత్రము వ్రాసినది వేరొక యంత్రము పొరపాటు లేక చదువును. అందలి 300 అను సంఖ్య కెల్విన్లో, మిల్లీమీటర్లో, సంస్థలో ఆనాడు హాజరైన వారి లెక్కయో, మనుష్యుడు చెప్పనిదే ఫైలునకు ఎట్లు తెలియును?

అహమదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రమువారు మోస్‌డాక్ అను దత్తాంశభాండారము ద్వారా అందించు ఇన్సాట్-3డీ ఫైలునే తీసికొనుడు. అందలి ఉష్ణపరారుణ చిత్రములోని సంఖ్య ఉష్ణోగ్రత కాదు. ఆ ఫైలులోనే 1024 విలువల పట్టిక వేరొకటి ఉండును. చిత్రములోని సంఖ్యను దానియందలి స్థానముగా గ్రహించి వెదకినగాని కెల్విన్లు దొరకవు. ఈ సంబంధమును విడువక ఫైలునందే పొందుపరచిరి గనుక, బంగాళాఖాతమున తుఫాను రేగినపుడు విశాఖలోని విద్యార్థి సైతము మేఘశిఖరమెంత చల్లనిదో లెక్కింపగలుగుచున్నాడు. ఇక మనలోని మితవ్యయపరుడు చేయు పని యేమనగా, ఫైలు బరువు తగ్గింపనెంచి, కొద్ది కిలోబైట్ల ఆ పట్టికనే తొలగించి, మిగిలినదానిని మిత్రులకు పంచిపెట్టును. తొలగించినంతమాత్రమున హెచ్‌డీఎఫ్5 ఫైలు సాధారణముగా చిక్కిపోదు, హెచ్5రీప్యాక్ అను సాధనముతో తిరిగి కట్టవలెను. అది అతడు చదువని పాఠములలో మరియొకటి. బరువు తగ్గలేదు, అర్థము మాత్రము పోయినది.

యూనిట్లు ఎవరికి తెలియవని నవ్వువారు 1999 సెప్టెంబరు 23ను స్మరింపవలెను. ఒక పక్షము పౌండు లెక్కన ఇచ్చిన సంఖ్యలను వేరొక పక్షము న్యూటన్ లెక్కగా భావించినందున, నాసావారి నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కుజగ్రహమును చేరియు నశించెను. అందు హెచ్‌డీఎఫ్ దోషము లేశమును లేదు; సంఖ్యలు చక్కగానే అందినవి.

కావున పాఠకులకు ఒక మనవి. ఎవరైన హెచ్‌డీఎఫ్5 ఫైలు పంపినచో, చిత్రములు గీయుటకు త్వరపడక, ముందుగా హెచ్5డంప్ అను సాధనముతో అట్రిబ్యూట్లను చూడుడు. యూనిట్ లేని డేటాసెట్ ఒక్కటి కనబడినను, మర్యాదకై ఊహింపక, పంపినవారికే తిప్పి పంపుడు.