సోల్డర్ అక్కర్లేని సుఖం

మళ్లీ ఎడమ నుంచి మూడోదే.

రాత్రి పడుకునే ముందు మీటరు పెట్టి చూస్తే ‘కీ’మని ఆరోగ్యంగా అరిచింది. పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని గిటార్ మీటితే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ తొక్కలేదు. రాత్రికి రాత్రి ఆ జానెడు వైరుకి ఏం కష్టం వచ్చిందో ఆరా తీయడంతోనే ఇవాళ్టి పొద్దు కూడా గడిచిపోయింది.

ఆ వైరు వచ్చిన డబ్బా మీద మాత్రం ‘సోల్డర్ అక్కర్లేదు, నిమిషంలో కేబుల్ సిద్ధం’ అని పెద్దక్షరాలతో ఇంగ్లిషులో రాసి, పక్కన బొటనవేలు పైకెత్తిన చెయ్యి బొమ్మ వేశారు. నిమిషం మాట అబద్ధం కాదు. నిజంగానే నిమిషంలో తయారవుతుంది. తయారైంది ఎంతకాలం బతుకుతుందన్నది డబ్బా పట్టించుకునే విషయం కాదు.

పెడల్స్ జోలికి పోని పుణ్యాత్ముల కోసం రెండు ముక్కలు. గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య నేల మీద వరసగా పేర్చి కాలితో తొక్కే డబ్బాలు పెడల్స్. ఒకటి గరగరలాడిస్తుంది, ఒకటి ప్రతిధ్వని పుట్టిస్తుంది, ఒకటి ఏం చేస్తుందో కొన్నవాడికి కూడా తెలీదు. వీటిని ఒకదానికొకటి తగిలించే పొట్టి వైర్లు ప్యాచ్ కేబుల్స్. రెడీమేడ్‌వి కొనుక్కోవచ్చు కదా అంటారు. ఒక పెడల్‌కి జాక్‌లు పక్కల ఉంటాయి, ఇంకోదానికి నెత్తిన ఉంటాయి. కొన్న వైరు అయితే బెత్తెడు పొడుగు, లేకపోతే రెండు వేళ్ల పొట్టి. అందుకే చుట్టగా వైరు, విడిగా ప్లగ్గులు ఉన్న ఈ డబ్బా. కావలసినంత కోసుకో, బిగించుకో.

సోల్డర్ చేసే ప్లగ్గయితే వైరు తోలు ఒలిచి, మధ్య తీగని ప్లగ్గు మొనకీ, చుట్టూ ఉన్న రాగి అల్లికని ప్లగ్గు ఒంటికీ లెడ్డుతో అతికిస్తారు. ఈ కొత్తరకంలో ఆ బాధ లేదు. వైరుని తిన్నగా కోసి, ప్లగ్గు నోట్లో కుక్కి, చిన్న స్క్రూ బిగించడమే. లోపలున్న సూది మధ్య తీగలోకి దిగుతుంది. స్క్రూ మొన పైతోలు చీల్చుకుని అల్లికని, అంటే షీల్డ్‌ని, ముట్టుకుంటుంది. చదవడానికి ఎంత హాయిగా ఉందో! స్క్రూ కొంచెం వదులైతే షీల్డ్ అందదు, హమ్ మొదలు. పావు తిప్పు ఎక్కువైతే లోపలి తొడుగుని కూడా పొడుచుకుపోయి మధ్య తీగకి తగులుతుంది, మొత్తం నిశ్శబ్దం. ఈ రెండింటి మధ్య సరైన బిగువంటూ ఒకటి ఉందట, అది అలవాటైతే చేతికే తెలుస్తుందట. ఈ మాట రాసిన కాగితం కూడా ఆ డబ్బాలోదే. కత్తెరతో కోస్తే వైరు గుండ్రం పోయి నలిగి, సూది గురి తప్పుతుంది. బ్లేడుతో కోస్తే షీల్డ్‌లోంచి వెంట్రుక కన్నా సన్నటి రాగి పోగు ఒకటి కోత మీదికి వంగి, మధ్య తీగని పలకరిస్తుంది. అంతే, షార్ట్. ఆ పోగు కంటికి కనపడదు. నలభై దాటిన కంటికి అసలే కనపడదు.

పోనీ, అన్నీ కుదిరాయనుకోండి. ప్లాస్టిక్‌కి ఒక గుణం ఉంది. ఎడతెరిపి లేకుండా నొక్కిపెడితే అది మెల్లమెల్లగా పక్కకి తప్పుకుంటుంది. స్క్రూ తిరగదు, కదలదు. దాని కింద తోలు మాత్రం రోజూ కొంచెం వెనక్కి తగ్గుతుంది. సోమవారం గట్టిగా ఉన్న పట్టు శనివారానికి మాటవరసకి మిగులుతుంది.

ఇక లెక్క చూడండి. నా బోర్డు మీద 6 పెడల్స్. వాటి మధ్య 5 వైర్లు, 10 ప్లగ్గులు, ఒక్కో ప్లగ్గులో రెండేసి పట్లు. మొత్తం 20. ఒక్కో పట్టుకి ధారాళంగా నూటికి 99 మార్కులు వేద్దాం. అన్నీ ఒకేసారి పాసవ్వాలి కాబట్టి 0.99ని ఇరవైసార్లు గుణించాలి. 0.82 దగ్గర తేలుతుంది. అంటే ఐదారు ఆదివారాలకి ఒకటి గోవిందా. చర్చిలో గిటార్ వాయించేవాడు అనాల్సిన మాట కాదు, కానీ ఇంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు. చిన్నప్పుడు లెక్కల్లో 99 తెచ్చుకుంటే ‘ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందిరా’ అని అడిగిన మా నాన్న మీద ఇన్నేళ్లకి గౌరవం కలిగింది.

షీల్డ్ ఊడిన ఆదివారాల సంగతి వేరు. హమ్ అంటే కరెంటు రొదే, మన కరెంటు 50 హెర్ట్జ్. సంగీతంలో జి స్వరం కింది స్థాయిలో 49 హెర్ట్జ్. కాబట్టి మన దేశంలో హమ్ అనేది కొద్దిగా శ్రుతి ఎక్కువైన జి. పాట జి లో ఉన్న వారం ఎవరూ గమనించలేదు సరికదా, ఇవాళ బేస్ నిండుగా ఉందని ఒక పెద్దాయన మెచ్చుకున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికీ ఈ పిచ్చే ఉంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. అది బి ఫ్లాట్‌కీ బికీ మధ్య, ఎటూ కాకుండా కూర్చుంటుంది. ఏ పాటకీ పనికిరాదు. వాడు ఎన్నడూ ఒప్పుకోడు గానీ, ఈ ఒక్క విషయంలో ఇక్కడే నయం.

అసలు చిక్కు పాటప్పుడు కాదు. ‘తలలు వంచి మౌనంగా ప్రార్థన చేసుకుందాం’ అంటారు పాస్టర్ గారు. నాలుగు వందల మంది మౌనంగా ఉంటారు. నా బోర్డు ఉండదు. కళ్లు మూసుకునే ప్రార్థన చేస్తారు కానీ, అందరికీ చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో తెలుస్తుంది. ఆమెన్ అన్నాక మా డ్రమ్స్ కుర్రాడు వంగి, ‘అంకుల్, ఒక మల్టీ ఎఫెక్ట్స్ కొనేయండి, మధ్యలో వైర్లే ఉండవు’ అన్నాడు. అబద్ధమైతే క్షమించేవాణ్ణి.

తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి లేకపోలేదు. గిటార్‌ని సరాసరి ఆంప్‌కి తగిలించి ఆ రెండూ సవ్యంగా ఉన్నాయని తేల్చుకోవాలి. తర్వాత వరసని సగానికి విడగొట్టి, ఏ సగం పలుకుతోందో చూసి, పలకని సగాన్ని మళ్లీ సగం చెయ్యాలి. అనుమానం తగిలిన వైరుకి మీటరు పెట్టాలి. మొన నుంచి మొనకి ‘కీ’, ఒంటి నుంచి ఒంటికి ‘కీ’, మొనకీ ఒంటికీ మధ్య మాత్రం కీమనకూడదు. బల్ల మీద పెడితే అన్నీ ఫస్టు క్లాసులో పాసవుతాయి. ఇంట్లో దగ్గి దగ్గి ప్రాణం తీసి, డాక్టరు ముందు మాత్రం బుద్ధిగా కూర్చునే పిల్లాడిలా ఉంటుంది ఆ మూడో వైరు. బోర్డు మీదికెక్కించి మెడ వంచగానే మళ్లీ దగ్గు. అందుకని ఒక చేత్తో మీటరు ముళ్లు, ఇంకో చేత్తో వైరు, పంటితో ప్లగ్గు పట్టుకుని వంచి చూడాలి. ‘ఏవండీ, ఆ కీచుమనేది వాషింగ్ మెషీనా, మీరా?’ అని వంటింట్లోంచి ప్రశ్న. సమాధానం చెప్పడానికి నోరు ఖాళీగా లేదు.

ఈ ప్లగ్గు పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. ఒక మాటతో ఆగుతానన్న హామీ లేదు. గిటార్‌కి పెట్టే ఈ పావంగుళం ప్లగ్గు, 6.35 మిల్లీమీటర్లది, గిటార్ కోసం పుట్టలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ కోసం పుట్టింది. మొట్టమొదటి వ్యాపార ఎక్స్ఛేంజ్ 1878 జనవరిలో అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో తెరిచినప్పుడు చందాదారులు 21 మంది. అక్కడి స్విచ్‌బోర్డుకి టీ పాత్రల మూతల పిడులు కూడా వాడేశారు. ప్లగ్గూ జాక్‌లూ ఆ తర్వాత కొద్దికాలానికే వచ్చి స్థిరపడ్డాయి. పాటగాళ్లు ఎప్పటికో దాన్ని ఎత్తుకొచ్చి గిటార్‌కి పెట్టుకున్నారు.

మా పెద్దమ్మ కాకినాడ ట్రంక్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు. ఇప్పటివాళ్లకి ట్రంక్ కాల్ అంటే ఏమిటో చెప్పడం కష్టం. మద్రాసుకి మాట్లాడాలంటే పొద్దున బుక్ చేసి, స్నానానికి కూడా వెళ్లకుండా ఫోన్ పక్కన కూర్చోవాలి. ఫోన్ మన ఇంట్లో ఉంటే! లేకపోతే పీపీ. పక్కింటి వాళ్ల హాల్లో, వాళ్ల బంధువుల సమక్షంలో, మన ఇంటి గుట్టంతా అరిచి చెప్పాలి. అర్జెంట్ అంటే ఎక్కువ డబ్బులు, లైట్నింగ్ అంటే ఇంకా ఎక్కువ. లైట్నింగ్ కాల్ వచ్చిందంటే వీధిలో వాళ్లు తువ్వాలు భుజాన వేసుకుని పరామర్శకి బయల్దేరేవారు, సంగతేమిటో తెలియక ముందే. దొరికేది మూడు నిమిషాలు. మొదటి నిమిషం ‘ఆఁ, వినపడుతోందా’. రెండో నిమిషం ‘అందరూ కులాసాయేనా’. మూడో నిమిషంలో అసలు విషయం మొదలవగానే మా పెద్దమ్మ గొంతు: ‘త్రీ మినిట్స్ ఓవర్, ఎక్స్‌టెండ్ చెయ్యమంటారా?’ ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని కట్నం దగ్గర బెడిసాయో, ఎవరి పొలం ఎవరు కొన్నారో ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలియని రహస్యం లేదు, ఆవిడ బయటపెట్టిన రహస్యమూ లేదు. మేం కాళ్లావేళ్లా పడి అడిగితే ‘లైన్ క్లియర్‌గా లేదర్రా’ అనేది.

ఆవిడ చేతిలో ఉన్నది ఇదే ప్లగ్గు. రోజుకి వందలసార్లు పెట్టేది, లాగేది. ఒక లైను ఖాళీగా ఉందో లేదో ముందే చెప్పేయడానికి ఒక చిట్కా ఉండేది. ప్లగ్గు మొనని జాక్ అంచుకి అలా తాకిస్తారు. చెవిలో టిక్కుమంటే ఎంగేజ్. టిక్కు లేకపోతే దూర్చేయడమే. ఎదురుగా గోడంత బోర్డు, చెవికి హెడ్‌సెట్, ఒళ్లో ఎవరిదో నీలం స్వెట్టర్ సగం అల్లినది. ఆ చప్పుడు వినడానికి ఆవిడ మాట ఆపేది కాదు, అల్లిక కూడా ఆపేది కాదు.

ఆపరేటరు అక్కర్లేకుండా నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీ 1960లో కాన్పూర్ లక్నోల మధ్య మొదలై, తాపీగా ఊరూరూ తిరిగి వచ్చేసరికి పెద్దమ్మకి ఇంకా సర్వీసు మిగిలే ఉంది. బోర్డు దగ్గర్నించి లేపి బిల్లుల సెక్షన్‌లో కూర్చోబెట్టారు. జీతం తగ్గలేదు. ‘ఇంక ఎవరితోనూ మాట్లాడక్కర్లేదురా, హాయి’ అంది. హాయి అన్నప్పుడు ఆవిడ మొహం నాకు గుర్తుంది. ఏదో కష్టం తప్పిస్తున్నామని వస్తారు, కష్టంతో పాటు చేతిలో ఉన్న విద్యని కూడా మూటగట్టుకుని పోతారు. మనం గుమ్మం దాకా వెళ్లి సాగనంపుతాం. సోల్డర్ చెయ్యడం నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలట. ఆ మధ్యాహ్నాన్ని మిగుల్చుకోవడానికి కొన్న డబ్బా ఇది. అప్పట్నించి అది ఎన్ని మధ్యాహ్నాలు మింగిందో లెక్క చూసుకోవాలంటే నాకు భయం.

చివరికి మా వీధి చివర మిక్సీలూ ఆంప్లిఫైయర్లూ బాగుచేసే అతని దగ్గరికి మూడో వైరు పట్టుకెళ్లాను. అతను ప్లగ్గు అటూ ఇటూ తిప్పాడు. స్క్రూ ఊడదీశాడు. కంటికి భూతద్దం తగిలించుకుని లోపలికి చూశాడు.

‘ఇందులో లెడ్డు పెట్టే చోటే లేదు కదా సార్.’

లేదు. అదే దాని గొప్పతనమని చెప్పాను.

‘లెడ్డు పెట్టే ప్లగ్గులు కోఠీలో, గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. తెచ్చుకోండి, పది నిమిషాల పని’ అన్నాడు. మరి ఈ పది ప్లగ్గులూ ఏం చెయ్యనంటే జవాబు చెప్పకుండా వైరు చివర గోరంత కోసేసి, మళ్లీ దూర్చి, స్క్రూ బిగించి, మీటరు పెట్టాడు. ‘కీ’మంది. వంచాడు. అప్పుడూ ‘కీ’మంది.

‘ఐపోయింది సార్.’

‘ఆదివారం దాకా ఉంటుందా?’

‘ఆదివారం మాకు బంద్ సార్.’