వరస మార్చిన దొరవారికి

సంభాషణల అమరిక శాఖాధిపతి, మహారాజశ్రీ దొరవారి సముఖానికి.

తమరి వేదిక మీద మాదొక పద్యాల గుంపు ఉంది. ఒకరు సమస్య ఇస్తే తక్కినవాళ్లం పూరిస్తాం. మొన్నటిదాకా ఎవరు ముందు రాస్తే వారిది ముందు కనిపించేది. ఇప్పుడు ‘ముఖ్యమైనవి ముందు’ అన్నారు. ఏది ముఖ్యమో తేల్చేది లైకులట.

ఫలితం చిత్తగించండి. ఒక కుర్రాడు ఉత్పలమాలలో పూరించాడు. మూడో పాదంలో యతి తప్పింది. మాస్టారు ఎత్తిచూపారు. కుర్రాడు దిద్ది మళ్లీ పెట్టాడు. మాస్టారు ‘భేష్’ అన్నారు. జరిగింది ఇంతే. తమరు చూపించింది వేరు: పైన ‘భేష్’, దాని కింద యతి తప్పిన పద్యం. తప్పు ఎత్తిచూపిన మాట, దిద్దిన పద్యం రెండూ ‘మరిన్ని చూపించు’ చాటున. తర్వాత వచ్చినవాళ్లు మాస్టారికి ఛందస్సు నేర్పడం మొదలుపెట్టారు. ఆయన రాసుకున్న సంజాయిషీకి లైకులు రాలేదు కాబట్టి అదీ అడుక్కే పోయింది. వీటన్నిటికీ పైన, డబ్బు కట్టి టిక్కు కొనుక్కున్న ఓ మహానుభావుడి ‘సూపర్ సర్, నా ఛానల్ చూడండి’.

తమరి కులవిద్యే ఇది. 2009 మేలో ట్విట్టర్, మనం అనుసరించేవాళ్లు మనం అనుసరించనివాళ్లకిచ్చే జవాబులు చూసే వీలు తీసేసింది. జనం అయోమయపడుతున్నారని ముందు చెప్పారు. గోల రేగాక, ఆ సెట్టింగు పెరిగిన జనానికి తట్టుకోదన్నారు. (ఇంతకీ అయోమయం ఎవరిది?) 2013 ఆగస్టులో నీలి గీత గీశారు. పేజీలో కొత్తది పైన, గీత కట్టిన సంభాషణలో పాతది పైన. చదివేవాడి కళ్లు ఏ దిక్కుకు పోవాలో వాళ్లే చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో టైమ్‌లైన్ వరస మారుస్తారని పుకారు పుడితే, వచ్చే వారం మార్చే ఆలోచనే ఎన్నడూ లేదని అప్పటి ట్విట్టర్ అధిపతి జాక్ డార్సీ అన్నారు. వారం తిరక్కుండానే కొత్త వరస దిగింది, అప్పటికి కోరుకున్నవాళ్లకే అయినా.

సినిమా హీరో పోస్టు కింద వేల జవాబుల్లో వరస ఎవరిక్కావాలి? అక్కడ బూతులు అడుక్కి పోతే పుణ్యమే. పట్టుమని పదిమంది మాట్లాడుకునే చోట ఎందుకండీ ఈ పెద్దరికం?

‘వచ్చిన వరసలో’ అనే బటన్ ఇచ్చాంగా అంటారు. ఇచ్చారు. నొక్కితే ఆ పూటకు పనిచేస్తుంది, మర్నాడు తెరిస్తే మళ్లీ తమరి వరసే. నొక్కినదాన్ని నొక్కినట్టే ఉండనివ్వండి. మనవి అంతే.

జవాబు దీని కిందే రాయండి. తమరి ఏర్పాటు ప్రకారం, మా వాళ్లు ఈ లేఖకన్నా ముందు దాన్నే చదివి, తమరు ఎవరిమీద విసుక్కుంటున్నారా అని అడుగుతారు.

ఇట్లు,
‘మరిన్ని చూపించు’ కింద ఉండే ఒక విధేయుడు