గిటార్ తీగల వ్రతకల్పం

గిటారు అందరూ కొంటారు. తీగలు మార్చే దగ్గరే అసలు భక్తి బయటపడుతుంది. ఈ వ్రతానికి తిథి, వారం పట్టింపు లేదు. తీగ తెగిన రోజే మంచిరోజు. అప్పటిదాకా తీగలు నల్లబడినా, తుప్పు వేళ్లకు అంటుకుంటున్నా కదిలించకండి. వాయించాక పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చెమట పోయి తీగల ఆయుష్షు పెరుగుతుంది కాబట్టి ఆ పని అసలే వద్దు. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవారికి ఉప్పుగాలి కూడా ఓ చెయ్యి వేస్తుంది.

ద్రవ్యాలు కొనేటప్పుడు మీది ఏ రకం గిటారో షాపతనికి చెప్పకండి. ‘గట్టివి ఒక సెట్టివ్వండి’ అంటే చాలు. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు స్టీలు సెట్టు వేయడం శ్రేష్ఠం. నైలాన్ తీగలు ఆరూ కలిసి లాగే లాగుడు ఇంచుమించు 40 కిలోలు. స్టీలులో ‘లైట్’ అని రాసి ఉన్న సెట్టే 70 కిలోలు దాటుతుంది. పల్చటి పైచెక్కకు ముందు పొట్ట వస్తుంది, ఆ తర్వాత ఏ అర్ధరాత్రో తీగలను పట్టుకునే బ్రిడ్జి ఊడిన చప్పుడుకు ఇల్లంతా లేస్తుంది. (పూర్వం ఈ గిటార్లకు జంతువుల పేగుతో చేసిన తీగలుండేవి. రెండో ప్రపంచయుద్ధకాలంలో వాటికి కరువొస్తే, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్‌తో తీగలు చేశాడు. స్పెయిన్ విద్వాంసుడు సెగోవియా వాటిని వాయించి పేరు తెచ్చిపెట్టాడు. వాళ్లంత శ్రమపడింది మీరు స్టీలు వేయడానికే.)

పాత తీగలను కీ తిప్పి వదులు చేసి తీయడం పిరికివాళ్ల పద్ధతి. బిగువుగా ఉండగానే కటింగ్ ప్లయర్‌తో నడిమికి కత్తిరించండి. ముఖం దగ్గరగా పెట్టుకుంటే, ఎగిరిన కొస ఎక్కడ తగిలిందో వెతుక్కోనక్కర్లేదు.

ఇక కొత్త తీగ. స్టీలు తీగ చివర చిన్న ఇత్తడి పూస ఉంటుంది. దాన్ని బ్రిడ్జి రంధ్రంలో వేసి పైన పిన్ను పెడతారు. తెలియనివాళ్లు పిన్నును సగం నొక్కిపట్టి తీగను మెల్లగా పైకి లాగుతారు. పూస పక్కకు జరిగి, పైచెక్క అడుగున ఉన్న పలకకు ఆనుకున్నప్పుడు చేతికి చిన్న తాకిడి తెలుస్తుంది. ఆ తర్వాత బరువంతా పలకదే; పిన్ను ఊరికే కాపలా. మీరలా చేయకండి. పూసను సరిగ్గా పిన్ను కొన కింద నిలబెట్టి, పైనుంచి సుత్తితో రెండు దెబ్బలు వేయండి. తీగ బిగుస్తుండగా పిన్ను టప్పుమని లేచి మంచం కిందికి పోతుంది. అది వెతికేటప్పుడు గిటారును కుర్చీకి ఆనించండి. ఆ పైన జరగాల్సింది అదే చూసుకుంటుంది.

కీకి చుట్టడంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి పొదుపరులది: తీగను బిర్రుగా లాగి, అర చుట్టుతో సరిపెట్టడం. రెండో చరణానికల్లా జారుతుంది. రెండోది ఉదారులది: జానెడు తీగ మిగిల్చి, పది చుట్లు ఒకదాని మీదొకటి ఎక్కించడం. ఆ ఉండ రోజూ కాస్త సర్దుకుంటుంది, శ్రుతి రోజూ కాస్త దిగుతుంది. లావు తీగకు రెండు మూడు చుట్లు, సన్నతీగకు నాలుగైదు, ప్రతి చుట్టూ ముందుదాని కిందికి వచ్చేలా వేసేవాళ్లూ లేకపోలేదు. వాళ్ల గిటార్లు శ్రుతిలోనే ఉంటాయి గనుక గిటారును తిట్టుకునే భాగ్యం వాళ్లకు లేదు.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టండి, చెవి మాత్రం పెట్టకండి. చాలా యాప్‌లకు ‘ఇ’ స్వరం అంటే ఏ స్థాయిదైనా ఒకటే. అన్నిటికన్నా సన్నతీగ 330 హెర్ట్జ్ దగ్గర ఆగాలి. దాటిపోయినా తిప్పుతూనే ఉండండి, పై స్థాయిలో మళ్లీ పచ్చదీపం వెలగదా అని. అయితే ఒక స్థాయి పైకి వెళ్లాలంటే లాగుడు నాలుగింతలు కావాలి. తీగ అంతదాకా మీతో రాదు.

కొత్త తీగను వేలితో మెల్లగా ఎత్తి సాగదీసి, మళ్లీ శ్రుతి చేసి, నిలబడేదాకా అదే పని చేసేవాళ్లకు వేరే పనులు లేవన్నమాట. మీరు ఆ సాగుడంతా కాలేజీ యాన్యువల్ డే వేదిక మీద జరగనివ్వండి. ‘ఏసీ ఎక్కువైందండీ’ అంటే సరిపోతుంది. తీగల కొసలు పిల్లిమీసాల్లా వదిలేస్తే పక్కన నిలబడి పాడేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉంటారు.

ఎవరైనా తప్పుపడితే పెద్దల పేర్లు చెప్పండి. జిమీ హెండ్రిక్స్ ఎడమచేతివాటం మనిషి. కుడిచేతి గిటారును తిరగేసి పట్టుకుని, తీగలు తనకు తగ్గట్టు మార్చి వేసుకునేవాడు. ఆల్బర్ట్ కింగ్ తిరగేశాడే గానీ తీగల వరస మార్చలేదు: సన్నవి పైన, లావువి కింద. ఎలిజబెత్ కాటన్ కూడా అంతే. మంద్రం వేళ్లతోనూ పాట బొటనవేలితోనూ పలికించింది. వీళ్లను అడ్డం పెట్టుకోవడంలో ఒక్కటే చిక్కు. వెంటనే గిటారు మీ చేతికిచ్చి, ఏదీ వాయించమంటారు.

ఈ కల్పాన్ని శ్రద్ధగా పాటించినవారి గిటారు త్వరలోనే గోడ మేకుకు చేరుతుంది, అక్కణ్నుంచి ‘కొద్దిగా వాడినది, అమ్మబడును’ అన్న ప్రకటనలోకి. అలాంటిది కొనబోయేవారు బ్రిడ్జి వెనక పైచెక్కను పక్కనుంచి చూడండి. ఉబ్బు కంటికి కొట్టొచ్చినట్టుంటే వదిలేయండి. ఉబ్బు లేకుండా శ్రుతి ఒక్కటే నిలవడం లేదంటే, గట్టిగా బేరమాడి తెచ్చుకోండి. చాలావరకు దానికి కావలసింది ఒక కొత్త సెట్టూ, అరగంట ఓపికా.