జీవితకాల కోర్సు, మూడేళ్ల సర్టిఫికెట్

ఇంటిపట్టున ఐటీ సర్టిఫికేషన్ సాధించదలచిన అభ్యర్థికి అన్నిటికన్నా కఠినమైన పరీక్ష కోర్సును ఎంచుకోవడమే కాగా, దానికి మాత్రం ఇంతవరకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ‘ఈ రాత్రితో ఆఖరు’ అనే రాయితీ, అనగా నిన్న రాత్రి ముగిసి, తెల్లవారగానే మళ్లీ పుట్టి, రేపు రాత్రి మరల ముగియబోయే తగ్గింపు ధర, అతనిచేత 11 కోర్సులు కొనిపించగా, వాటిలో 10 కోర్సుల పురోగతి ‘స్వాగతం’ అనే తొలి వీడియో ముగిసినచోటనే నిలిచి ఉంటుంది. కోర్సు హక్కు జీవితకాలమైనప్పటికీ, దానితో సంపాదించే సిస్కో వారి సీసీఎన్ఏ నెట్‌వర్కింగ్ గుర్తింపునకు 3 ఏళ్లకే కాలం చెల్లుతుంది. జీవితం ఎవరిదో ప్రకటనలో స్పష్టం చేయలేదు.

కోర్సు ముగియకున్నా పరీక్ష గట్టెక్కిస్తాయనే ‘డంప్స్’, అనగా లోగడ పరీక్ష రాసినవారు కంఠస్థం చేసుకొని వచ్చి అంగట్లో పెట్టిన ప్రశ్నల మూట, విద్యలో భాగమా కాదా అన్న విషయంపై అమీర్‌పేట కోచింగ్ పండితులలో భేదాభిప్రాయం ఉన్నట్టు దాఖలాలు లేవు.

సీసీఎన్ఏ పరీక్ష సైతం ఇంటి నుంచే రాయవచ్చును గాని, వెబ్‌క్యామ్‌లో కాపలా కాసే ప్రాక్టర్, గదిలోకి మరొకరు అడుగుపెడితే పరీక్షను రద్దు చేయగలడు గనుక, అది సాగే 120 నిమిషాలలో కాఫీ గ్లాసుతో తలుపు తోసిన తల్లి నెట్‌వర్క్ భద్రతకు ముప్పుగా పరిగణింపబడుతుంది.