సలహాల బాబాయిగారు

సోమాజిగూడలో లిఫ్టున్న ప్రతి అపార్ట్‌మెంటుకూ ఒక బాబాయిగారు ఉంటారు. లిఫ్టు లేనివాటికీ ఉంటారు గానీ, అక్కడ మెట్లెక్కి పారిపోయే వీలుంది. మా బాబాయిగారు గవర్నమెంటు కొలువులో రిటైరయ్యారు. జన్మలో కుక్కను పెంచలేదు. కుక్కల గురించి ఇంత ధైర్యంగా మాట్లాడగలగడానికి కారణం అదే.

మూడో అంతస్తు అమ్మాయి రాజ్‌భవన్ రోడ్డు పక్కన వానలో వణుకుతున్న కుక్కను ఇంటికి తెచ్చి ‘లాట్‌సాబ్’ అని పేరు పెట్టిన రోజునే ఆయన తీర్పు వెలువడింది. దాని చెవి కొస కత్తిరించి ఉంది.

“చెవి చూశావా అమ్మాయ్? కొట్లాటలో తెగింది. పాత కేసులున్న కుక్క.”

“కేసు కాదంకుల్, కుటుంబ నియంత్రణ. వీధికుక్కకి ఆపరేషన్ చేసినప్పుడు మత్తులో ఉండగానే ఆ గుర్తు పెడతారు. మళ్లీ పట్టుకుపోకుండా.”

“ఏ నేరస్థుడైనా అలాగే చెబుతాడు” అన్నారు బాబాయిగారు.

లాట్‌సాబ్ మాత్రం బుద్ధిమంతుడే. కొరియర్ కుర్రాడికి కూడా తోకూపేవాడు. అలాంటివాడు ఈ వానాకాలంలో ఉన్నట్టుండి మారిపోయాడు. తల నిమరబోతే గుర్రుమన్నాడు. మెడపట్టా వేయబోతే పళ్లు చూపించాడు. కబురు వినగానే బాబాయిగారి మొహం వెలిగిపోయింది.

లిఫ్టు మూడో అంతస్తు చేరేలోగా కారణాలు తేలిపోయాయి. దిష్టి తగిలింది. ఆగ్నేయంలో పడుకుంటోంది. అన్నిటికీ మించి, వీధిలో తెలుగు విని పెరిగిన జీవితో ఇంట్లో అందరూ ఇంగ్లీషు మాట్లాడుతున్నారు.

మర్నాడు ‘పిచ్చి’ అన్నారు. ఈ ఒక్కమాటా కొట్టిపారేసేది కాదు. హఠాత్తుగా తీరు మారడం రేబిస్ లక్షణాల్లో ఒకటే. అమ్మాయి టీకాల కార్డు తెచ్చి చూపించింది.

“కార్డు సరే, కరిస్తే?”

“పావుగంట సేపు సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్‌కి పరిగెత్తాలి.”

“పసుపు?”

“సబ్బు, అంకుల్.”

ఆ సాయంత్రమే “ఒక్కటి తగిలించు, గుర్రు దిగిపోతుంది” అని సెలవిచ్చారు. దిగేది గుర్రే, కోపం కాదు. గుర్రు మానిన కుక్క ఈసారి చెప్పాపెట్టకుండా కరుస్తుంది. ఆ సంగతి వినేంత తీరిక ఆయనకు లేదు, నాలుగో అంతస్తులో ఎవరికో ఇంక్రిమెంటు రాలేదట.

అసలు సంగతి వాచ్‌మన్ చెప్పాడు. “మేడమ్, మొన్నటిసంది గేటుకు తల రాస్తుండు. ఎడమ చెవే గీక్కుంటుండు. వాసన గూడ వస్తుంది.”

ఆటోలో నారాయణగూడ పశువైద్యశాలకు తీసుకెళ్లారు. డాక్టర్ లాట్‌సాబ్ మూతికి గుడ్డ కట్టించి చెవి మడత తిప్పారు. లోపల ఎర్రగా వాచి, గోధుమరంగు జిగురు. తడికి ఇన్‌ఫెక్షన్ ముదిరింది. మెడపట్టా రాసుకునేది సరిగ్గా ఆ చెవి కిందే. తీరు ఒక్కసారిగా మారితే ముందు ఎక్కడ నొప్పో వెతకాలి, చెవి, పన్ను, కీళ్లు. వయసు మళ్లిన కుక్కైతే చూపు, వినికిడి. బుద్ధి సంగతి తర్వాత, అన్నారు డాక్టర్. చెవిలో చుక్కల మందు రాసిచ్చి, తగ్గేదాకా తల జోలికి పోవద్దని, వాడంతట వాడే దగ్గరికొచ్చే వరకూ ఆగమనీ చెప్పారు.

ఇది విని పిన్నిగారు ఫక్కున నవ్వారు. “మా ఇంట్లోనూ ఇదే వరసమ్మా. మోకాలు సలిపిన రోజున ఈయన పేపరు కుర్రాణ్ణి కూడా వదలరు. నేను దిష్టి తీస్తానా, బామ్ రాస్తానా?”

బాబాయిగారికి ఈ పోలిక నచ్చలేదు గానీ వైద్యం నచ్చింది. “మొదటిరోజే చెవి చూడమన్నానా లేదా?” అని లిఫ్టులో అందరినీ సాక్ష్యం అడిగారు. అన్న మాట వాస్తవమే కనుక ఎవరూ కాదనలేకపోయారు.

నిన్న పక్క బ్లాకాయన తన కుక్క వెనక కాలు కుంటుతోందని వాపోయాడు. బాబాయిగారు కళ్లజోడు సవరించుకుని, గొంతు తగ్గించి చెప్పారు: “ముందు చెవి చూపించండి.”